మందుల నీళ్ళలో పచ్చనాచు



ఊరి చెరువులో నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉన్నాయంటే, ఆ పచ్చదనం అందులో తేలుతున్న, కంటికి ఆనని మొక్కలది. మనం నాచు అంటాం, పాచి అంటాం. వృక్షశాస్త్రంలో వీటికి హరిత శైవలాలని పేరు. వీటిలో చాలావాటికి వేరు, కాండం, ఆకు, పువ్వు ఏవీ ఉండవు. ఒక్క కణమే మొత్తం మొక్క. ఆ కణం ఎండలో తన ఆహారం తానే తయారుచేసుకుంటుంది, పెద్దదవుతుంది, చివరికి చీలి పిల్లకణాలవుతుంది. మన ఒంట్లో ఒక కణం విభజన ఆగిపోతే దాని పని చేసేందుకు పక్కన కోట్ల కణాలుంటాయి. నాచుకి ఆ వెసులుబాటు లేదు. విభజన ఆగిందంటే దాని వంశం అక్కడితో సరి.

మనం వేసుకునే మందులు, మన దగ్గర తయారయ్యే మందులు నీళ్ళలో కలిసినప్పుడు ఈ విభజనకి ఏమవుతుందో ఈ రోజు మాట్లాడుకుందాం. నాచుతో మనకేం పని అని ఎవరైనా అనుకుంటే, వాళ్ళని ఒకసారి భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చేపల చెరువుల దగ్గరికి తీసుకెళ్ళాలి. అక్కడి రైతు పొద్దున్నే గట్టు మీదికి వచ్చి మొదట చూసేది నీటి రంగునే. పేడ వేసి, సూపర్ ఫాస్ఫేట్ వేసి, ఆ పచ్చదనాన్ని పనిగట్టుకుని తెప్పించుకుంటాడు. రంగు పలచబడితే 'ప్లాంక్టన్ పడిపోయింది' అని కంగారు పడతాడు. కట్ల చేప తినే సూక్ష్మజీవులు ఆ నాచునే తిని బతుకుతాయి. పగలంతా నీళ్ళలోకి ప్రాణవాయువు వచ్చేది ప్రధానంగా దానివల్లనే. నాచు దెబ్బతిన్న చెరువులో తెల్లవారుజామున చేపలు నీటి మీదికి వచ్చి నోళ్ళు తెరుచుకుంటాయి. పెంచే చెరువులో అయితే ఏరేటర్లు తిప్పుకోవచ్చు. వాగులో, నదిలో ఎవరు తిప్పుతారు?

ఈ నాచు కణం ఎలా విభజన చెందుతుందో ముందు చూద్దాం. ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి అని బడిలో చదువుకున్నాం. హరిత శైవలాలలో చాలావాటి పద్ధతి వేరు. తల్లికణం పగలంతా ఎండ తాగి ఒంటిని పెంచుకుంటూ పోతుంది, అసలు పరిమాణానికి ఎన్నో రెట్లవుతుంది. ఆ తర్వాత లోపల కేంద్రకం ఒకటి రెండుగా, రెండు నాలుగుగా, కొన్నిసార్లు నాలుగు ఎనిమిదిగా చీలుతుంది. ప్రతి కేంద్రకం చుట్టూ కొంత జీవపదార్థం, కొంత హరితరేణువు చేరి, తల్లి గోడ లోపలే పిల్లకణాలు తయారవుతాయి. అప్పుడు తల్లి గోడ పగిలి అవన్నీ ఒకేసారి బయటికి వస్తాయి. చాలా జాతుల్లో ఇది రాత్రిపూట జరుగుతుంది.

ఇందులో రెండు సంగతులు మనసులో పెట్టుకోండి. ఒకటి, తగినంత ఒళ్ళు చేయకపోతే కణం విభజనకి పూనుకోదు. కణం ఒక మేరకు పెరిగాక, ఇక వెనక్కి తిరగకుండా విభజనకి కట్టుబడే ఘట్టం ఒకటుంది. అది దాటితే వెలుతురు తీసేసినా విభజన పూర్తవుతుంది. దాటకపోతే ఎంతసేపైనా ఒంటరిగానే ఉండిపోతుంది. రెండోది, ఈ కణాల్లో చాలావాటికి హరితరేణువు ఒక్కటే ఉంటుంది. పిల్లలందరికీ తలా ఒక ముక్క దక్కాలంటే అదీ సకాలంలో చీలాలి. మందులు ఎక్కువగా దెబ్బతీసేది ఈ రెండు చోట్లే.

మనిషి రోగం కోసం చేసిన మందు మొక్క కణాన్ని ఎందుకు పట్టుకుంటుందని మీకు అనుమానం రావచ్చు. దానికి జవాబు హరితరేణువు పుట్టుకలో ఉంది. వంద కోట్ల ఏళ్ళకి పూర్వమే ఒక కణం లోపలికి చేరి, అక్కడే కాపురం పెట్టిన ఒక సూక్ష్మజీవి కాలక్రమాన హరితరేణువైంది. అది బ్యాక్టీరియాల తెగకి చెందినది. తన సొంత డి.ఎన్.ఎ.ని, సొంత రైబోజోములని నేటికీ నిలుపుకుంది, అవి బ్యాక్టీరియాల వాటినే పోలి ఉంటాయి. యాంటీబయోటిక్ అంటే బ్యాక్టీరియా యంత్రాంగాన్ని ఆపేందుకు కనిపెట్టిన పదార్థం. మన శరీర కణాల రైబోజోములు వేరే రకం కాబట్టి మనం తట్టుకుంటాం. నాచు కణంలో ఆ పాత బ్యాక్టీరియా ఇంకా పనిచేస్తూనే ఉంది గనుక మందు దాన్ని గుర్తుపట్టి పట్టుకుంటుంది.

ఎరిత్రోమైసిన్ సంగతి తీసుకోండి. గొంతు నొప్పికి, ఛాతీ జబ్బులకి డాక్టర్లు రాసే మందు ఇది. నాచు కణంలోకి వెళ్ళగానే హరితరేణువు రైబోజోముల మీద కూర్చుంటుంది. ప్రోటీన్ తయారీ ఆగిపోతుంది. ఎండని పట్టే యంత్రంలో డి1 అనే ప్రోటీన్ ఉంటుంది. వెలుతురు తాకిడికి అది త్వరత్వరగా పాడవుతుంది, ఎప్పటికప్పుడు కొత్తది తయారు కావాలి. గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పట్టి చక్కెరగా మార్చే రుబిస్కో ఎంజైములో పెద్ద భాగం కూడా అక్కడే తయారవుతుంది. ఈ రెండూ తగ్గితే కణానికి తిండి తగ్గుతుంది. తిండి తగ్గితే ఒళ్ళు రాదు. ఒళ్ళు రాకపోతే ఇందాక చెప్పిన ఆ ఘట్టం దాటదు. మందు తాకింది హరితరేణువులో, ఆగింది మాత్రం కేంద్రక విభజన. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ కణం చచ్చిపోలేదు. కొంచెం పాలిపోయి, ఒకే కేంద్రకంతో, అలా ఉండిపోతుంది.

సిప్రోఫ్లాక్సాసిన్ దారి ఇంకొకటి. జ్వరానికి, మూత్రంలో మంటకి, విరేచనాలకి మందుల షాపులో సిప్రో అని అడిగి తెచ్చుకునే మాత్ర ఇదే. డి.ఎన్.ఎ. మెలికలు విప్పే గైరేజ్ అనే ఎంజైముని ఇది కదలనివ్వదు. హరితరేణువుకి తన డి.ఎన్.ఎ.ని నకలు తీసుకోవాలంటే ఆ ఎంజైము కావాలి. ఇక క్యాన్సర్ మందుల్లో కొన్ని నేరుగా కేంద్రకం మీదికే వెళతాయి. చెక్ దేశంలోని ట్రెబోన్ పట్టణంలో నాచు కణ విభజన మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న పరిశోధనశాల ఒకటుంది. వాళ్ళు సీనెడెస్మస్ అనే హరిత శైవలానికి ఫ్లోక్సురిడిన్ అనే క్యాన్సర్ మందు ఇచ్చి చూశారు. ఈ సీనెడెస్మస్ మన చెరువుల్లోనూ విరివిగా దొరికే నాచే. నాలుగు కణాలు పక్కపక్కన అంటుకుని, కొసల్లో కొమ్ములతో ఉంటుంది. మందు తగిలాక కేంద్రకం తన డి.ఎన్.ఎ.ని నకలు తీయలేక ఆగిపోయింది. హరితరేణువు మాత్రం తన నకళ్ళు తాను తీసుకుంటూనే పోయింది. కణం పెరుగుతూనే ఉంది. చివరికి విభజన లేని రాక్షస కణాలు తయారయ్యాయి. ఒకే ఇంట్లో ఉండి, ఒకరి పని ఒకరికి తెలియకుండా పోయిన కాపురం లాంటిది ఆ కణం స్థితి.

మందులు హరితరేణువుని తాకుతాయన్న సంగతి శాస్త్రానికి కొత్తదేమీ కాదు. స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. ఆ పరిశోధనలో పాలుపంచుకున్న ఆల్బర్ట్ షాట్జ్, లుయిజి ప్రోవసోలి, సేమూర్ హట్నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి, 1948లో ఒక వింత సంగతి ప్రకటించాడు. పచ్చగా ఉండే యూగ్లీనా అనే ఏకకణ జీవిని స్ట్రెప్టోమైసిన్ కలిపిన నీళ్ళలో పెంచితే అది తెల్లబడిపోయింది. ఆ తర్వాత మందు తీసేసినా దాని సంతతి తెల్లగానే పుట్టింది. యూగ్లీనా అచ్చంగా హరిత శైవలం కాదు గాని, దాని హరితరేణువు ఒకప్పుడు హరిత శైవలం నుంచి వచ్చిందే. అక్కడ కణం విభజన సాగింది, హరితరేణువు వెనకబడి మాయమైంది. 1954లో అమెరికా శాస్త్రవేత్త రూత్ సేజర్ క్లామిడోమోనాస్ అనే హరిత శైవలంలో స్ట్రెప్టోమైసిన్‌ని తట్టుకునే రకాలని పరిశీలించింది. ఆ తట్టుకునే గుణం తల్లిదండ్రులిద్దరి నుంచి కాక ఒక్కరి నుంచే పిల్లలకి వస్తోందని గమనించింది. హరితరేణువుకి సొంత జన్యువులున్నాయన్న జ్ఞానానికి దారి తీసిన పరిశోధనల్లో అది ముఖ్యమైనది. అంటే, మందు నాచుని తాకుతుందని మనకి డెబ్బై ఏళ్ళకి పైగా తెలుసు. తెలిసి కూడా కాలువలోకి వదిలాం.

ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవాలి. ఆయన పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థలోనే, బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. అదీ 1948లోనే. సుబ్బారావు గారు కన్నుమూసింది ఆ ఏడాది ఆగస్టులో. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది ఆ మందు. ఎన్ని ప్రాణాలు నిలిపిందో లెక్కలేదు. హరితరేణువు రైబోజోముల మీద పనిచేసే మందుల్లో అదీ ఒకటి. దీన్ని బట్టి ఆ మహానుభావుడి మందుని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒంట్లో ఉండాల్సిన మందు ఒంట్లో ఉంటే అమృతమే. ఏరులోకి వెళ్ళిన మందు గురించే నా బాధంతా.

ఏరులోకి ఎలా వెళుతుంది? మొదటి దారి మన శరీరమే. 500 మిల్లీగ్రాముల సిప్రో మాత్ర వేసుకుంటే అందులో దాదాపు సగం ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికి పోతుంది. మురుగు శుద్ధి కేంద్రాలని కట్టింది మలినాలు తొలగించడానికి. మందుల అణువులని తొలగించడానికి కాదు. 2022లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలనలో 104 దేశాల్లోని 258 నదులలో, 1,052 చోట్ల నీళ్ళు తీసి పరీక్షించారు. మూర్ఛకి ఇచ్చే కార్బమజెపిన్, చక్కెర వ్యాధికి ఇచ్చే మెట్‌ఫార్మిన్, కాఫీలోని కెఫీన్ సగానికి పైగా చోట్ల కనిపించాయి. రెండో దారి ఆసుపత్రులు, కోళ్ళ ఫారాలు, రొయ్యల చెరువులు. మూడోది కర్మాగారం. ఒక్కచోటే నీళ్ళలో చేరే గాఢతలో మిగతా రెంటినీ మించిపోయేది, మనకి మరీ దగ్గరిది అదే. దాని దగ్గరికి వచ్చే ముందు, నాచు మీద దెబ్బని ఎలా కొలుస్తారో చెప్పాలి. ఆ కొలత తెలియకపోతే తర్వాత వచ్చే అంకెలకి అర్థం ఉండదు.

1959లో నార్వేలో నిటెల్వా అనే ఏటి నుంచి ఓలవ్ స్కుల్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ఒక హరిత శైవలాన్ని వేరుచేశాడు. నెలవంక ఆకారంలో ఉండే చిన్న కణం. దాని పేరు కాలక్రమంలో రెండు మూడు సార్లు మారింది, ఇప్పుడు రాఫిడోసెలిస్ అంటున్నారు. ప్రపంచంలో ఏ మూలనైనా ఒక రసాయనం నాచుకి హాని చేస్తుందా అని చూడాలంటే ఎక్కువగా వాడేది ఆ ఏటి నాచు సంతతినే. పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. దూది బిరడా పెట్టిన గాజు ఫ్లాస్కుల్లో పోషక లవణాల నీళ్ళు పోస్తారు. మిల్లీలీటరుకి ఐదు నుంచి పది వేల కణాల చొప్పున నాచు వేస్తారు. కొన్ని ఫ్లాస్కుల్లో మందు వేరువేరు మోతాదుల్లో కలుపుతారు, కొన్నింటిని ఏమీ కలపకుండా ఉంచుతారు. దీపాల కింద, ఇరవై రెండు ఇరవై మూడు డిగ్రీల వెచ్చదనంలో, నెమ్మదిగా కదుపుతూ 72 గంటలు ఉంచుతారు. రోజూ ఒక చుక్క తీసి న్యూబార్ ఛాంబర్ మీద వేసి లెక్కపెడతారు. రక్తకణాలు లెక్కపెట్టడానికి ల్యాబుల్లో వాడే గళ్ళ గాజుపలక అదే. మందు లేని ఫ్లాస్కులో మూడు రోజుల్లో నాచు కనీసం 16 రెట్లు పెరగాలి. లేకపోతే ఆ పరీక్షే చెల్లదు.

గమనించారా, ఇక్కడ ఎవరూ చచ్చిన కణాలని లెక్కపెట్టడం లేదు. పుట్టని కణాలని లెక్కపెడుతున్నారు. ఈ లెక్క ఎంత పదునైనదో చూడండి. రోజుకి రెండుసార్లు రెట్టింపయ్యే నాచు మూడు రోజుల్లో ఆరుసార్లు రెట్టింపవుతుంది. ఒక్క కణం 64 కణాలవుతుంది. మందు వల్ల ఆ వేగం సగానికి తగ్గిందనుకోండి. ఒక్క కణం 8 కణాలే అవుతుంది. ఎనిమిదిలో ఎనిమిదీ బతికే ఉన్నాయి, పచ్చగానే ఉన్నాయి. కాని ఉండాల్సిన 64లో 56 లేవు. ఇదే పారే వాగులో అయితే ఇంకా ఘోరం. నీటి ప్రవాహం నాచుని నిత్యం కిందికి ఈడ్చుకుపోతూ ఉంటుంది. ఆ పోయేదానికి సరిపడా పుట్టుక ఉంటేనే ఆ చోట నాచు నిలుస్తుంది. పుట్టుక వేగం తగ్గితే చాలు, ఒక్క కణం చావకుండానే ఆ జాతి ఆ చోటి నుంచి తుడిచిపెట్టుకు పోతుంది.

అన్ని మందులూ ఒకే తీరున హాని చేస్తాయని నేను చెప్పను. పశువులకి వాడిన డైక్లోఫెనాక్ మన దేశంలో రాబందుల జాతుల్ని దాదాపు తుడిచిపెట్టింది, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. అదే డైక్లోఫెనాక్ నాచు విభజనని ఆపాలంటే లీటరుకి పదుల మిల్లీగ్రాములు కావాలి. నదుల్లో మామూలుగా అంత ఉండదు. మానసిక వ్యాధులకి ఇచ్చే ఫ్లుయోక్సెటిన్ మాత్రం లీటరుకి కొన్ని పదుల మైక్రోగ్రాముల దగ్గరే ఇందాకటి నెలవంక నాచు పెరుగుదలని అడ్డుకుంటుంది, కణాల ఆకారం వికృతమవుతుంది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఎరిత్రోమైసిన్ కూడా పదుల మైక్రోగ్రాములకే పనిచేస్తుంది. సబ్బుల్లో వాడిన ట్రైక్లోసాన్ అంతకన్నా తక్కువకే. కాబట్టి రాబందుకి ప్రమాదమైనది నాచుకి కాకపోవచ్చు, నాచుకి ప్రమాదమైనది చేపకి కాకపోవచ్చు. ఒక ప్రాణిని పరీక్షించి అన్ని ప్రాణుల తరఫునా తీర్పు చెప్పకూడదు. ఈ మాట మళ్ళీ అవసరమవుతుంది.

సిప్రోఫ్లాక్సాసిన్ మీద డెన్మార్క్ శాస్త్రవేత్త హాలింగ్ సోరెన్సెన్ బృందం 2000లో ప్రకటించిన అంకెలున్నాయి. ఆ నెలవంక నాచు పెరుగుదల సగానికి పడిపోవడానికి లీటరుకి దాదాపు 3 మిల్లీగ్రాములు కావలసి వచ్చింది. నీలి ఆకుపచ్చ శైవలమైన మైక్రోసిస్టిస్‌కి 5 మైక్రోగ్రాములే చాలాయి. అది స్వయంగా బ్యాక్టీరియా కాబట్టి ఆరు వందల రెట్లు సున్నితం. హరిత శైవలం గట్టిదే. 3 మిల్లీగ్రాములంటే నదుల్లో ఎక్కడ దొరుకుతుందని ఆనాటి శాస్త్రవేత్తలు అనుకుని ఉంటే తప్పు లేదు.

దొరికింది. హైదరాబాదు పక్కన దొరికింది.

పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం, పాశమైలారం. ఈ పేర్లు తెలంగాణలో ఎవరికీ కొత్త కావు. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కర్మాగారం ఐ.డి.పి.ఎల్. వచ్చిన నాటి నుంచి బల్క్ డ్రగ్స్, అంటే మందుల ముడిసరుకు, తయారీ ఇక్కడ వేళ్ళూనుకుంది. లక్షల మందికి అన్నం పెట్టింది, ప్రపంచానికి చవకగా మందులిచ్చింది. ఆ ఘనత నిజం. ఇస్కవాగు, నక్కవాగు, మంజీర దారిలో పొలాలు పోగొట్టుకున్న రైతుల గోడూ అంతే నిజం. ఆ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది 1990లో. ఆ తర్వాత హైకోర్టుకి, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కి ఏళ్ళ తరబడి నడిచింది.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి జోయకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వస్తున్న నీళ్ళని పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 బల్క్ డ్రగ్ తయారీదారుల వ్యర్థజలాలు ఆ కేంద్రానికి వచ్చేవి. ఆ నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఒక పదహారు లీటర్ల బకెట్టు ఊహించుకోండి. ఆ బకెట్టు నీళ్ళలో ఒక పూర్తి సిప్రో 500 మాత్ర ఉన్నట్టు లెక్క. రోజుకి సుమారు 15 లక్షల లీటర్లు బయటికి పోయేవి. దాదాపు 45 కిలోల సిప్రో, ఒక్క రోజులో. లీటరుకి 31 మిల్లీగ్రాములంటే, ఇందాకటి 3 మిల్లీగ్రాములకి పది రెట్లు. 2009లో అదే పరిశోధకుల మరో పత్రం వచ్చింది. ఆ ప్రాంతపు చెరువుల్లో సిప్రో లీటరుకి 6.5 మిల్లీగ్రాముల దాకా ఉందని అందులో చెప్పారు. జలుబుకి, దద్దుర్లకి వేసుకునే సెటిరిజిన్ 1.2 మిల్లీగ్రాముల దాకా ఉంది. పైపు చివర సంగతి కాదు, చెరువు సంగతి చెబుతున్నాను. గట్టి పిండమనుకున్న హరిత శైవలాల విభజన వేగాన్ని సైతం సగానికన్నా కిందికి లాగే మోతాదు అది. పైగా అక్కడున్నది ఒక్క మందు కాదు. ఒకే యంత్రాంగాన్ని పట్టే మందులు కలిస్తే వాటి దెబ్బ కూడా కలుస్తుంది.

అప్పటికీ ఇప్పటికీ మార్పు లేదనను. ఎన్నో కర్మాగారాలు చుక్క నీరు బయటికి వదలని జీరో లిక్విడ్ డిశ్చార్జ్ ఏర్పాట్లు చేసుకున్నాయి. ఎండకి సిప్రో కొంత విరిగిపోతుంది, కొంత అడుగు మట్టికి పట్టేస్తుంది. మట్టికి పట్టింది పోయినట్టు కాదు, అక్కడి బ్యాక్టీరియాలు మందులని ఎదిరించే జన్యువులు కూడగట్టుకున్నాయని 2011లోనే తేలింది. ఆ జన్యువుల భయం గురించి పత్రికలు కొంత రాశాయి, అది మనిషికి నేరుగా తగిలే ప్రమాదం కాబట్టి. నాచు గురించి రాసినవాళ్ళు తక్కువ. 1969లోనే వి. వెంకటేశ్వర్లు గారు మూసీ నది శైవలాల మీద, కాలుష్యాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన అధ్యయనాన్ని హైడ్రోబయాలజియా అనే అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. అంటే ఏ నీళ్ళలో ఏ నాచు ఉంటుందో, మురుగు కలిస్తే ఏది పోయి ఏది మిగులుతుందో చెప్పగల విద్య మన నగరంలోనే ఉండేది. ఆ విద్యని మందుల వాగుల మీదికి మళ్ళించి ఉంటే మనకి స్వీడన్ నుంచి ఎవరూ వచ్చి చెప్పవలసిన పని ఉండేది కాదు.

ఇప్పుడు చట్టం సంగతి. మన దేశంలో మందుల కర్మాగారం నీళ్ళకి ఒక జీవ పరీక్ష ఉంది. ఆ నీళ్ళలో చేపలు వదలాలి, 96 గంటల తర్వాత వందకి 90 చేపలు బతికి ఉండాలి. ఉంటే ఆ పరీక్ష వరకు నీళ్ళు నెగ్గినట్టే. నేను ఇంతసేపూ చెప్పినదానితో దీన్ని పోల్చి చూడండి. సిప్రోఫ్లాక్సాసిన్ చేపని నాలుగు రోజుల్లో చంపే మందు కాదు. ఎరిత్రోమైసిన్ కూడా కాదు. చేప బతికే ఉంటుంది, నీళ్ళు పరీక్ష నెగ్గుతాయి. అదే నీటిలో నాచు విభజన ఆగిపోయి ఉండవచ్చు. చావుని మాత్రమే చూసే పరీక్ష పుట్టుక ఆగడాన్ని ఎప్పటికీ పట్టుకోలేదు. నీటి మలినాన్ని బి.ఓ.డి., సి.ఓ.డి. అని కొలిచే మిగతా అంకెలు కూడా మందుని మందుగా గుర్తించవు.

యూరప్‌లో ఒక కొత్త మందు అమ్మకానికి అనుమతి కావాలంటే, పర్యావరణంలోకి ఓ మోతాదుకి మించి చేరేటట్టుంటే, నాచు పరీక్ష ఫలితాలు చూపించాలని 2006 నుంచే నిబంధన ఉంది. యాంటీబయోటిక్ అయితే నీలి ఆకుపచ్చ శైవలం మీద పరీక్షించమంటారు. 2024లో వచ్చిన యూరప్ మురుగునీటి ఆదేశం ఇంకో అడుగు ముందుకేసి, నగరాల మురుగులోంచి మందుల అవశేషాలు తొలగించే అదనపు శుద్ధికయ్యే ఖర్చులో కనీసం 80 శాతం మందుల, సౌందర్య సాధనాల తయారీదారులే పెట్టుకోవాలంది. ఆ మందుల ముడిసరుకు తయారయ్యే చోట మాత్రం అక్కడి వాగు నాచుని అడిగినవాళ్ళు లేరు. అమ్మేచోట ఒక న్యాయం, తయారుచేసేచోట ఇంకో న్యాయం ఉండకూడదు.

మన కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2020 జనవరిలో మంచి ముసాయిదా ఒకటి తెచ్చింది. కర్మాగారాల నీళ్ళలో 121 యాంటీబయోటిక్‌లకి ఒక్కోదానికి ఇంతకి మించకూడదని హద్దులు పెట్టింది. అమల్లోకి వచ్చి ఉంటే ప్రపంచానికే దారి చూపేది. 2021 ఆగస్టులో తుది ప్రమాణాలు వెలువడ్డాయి. ఆ హద్దులు అందులో లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయోటిక్ కర్మాగారాల వ్యర్థాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఇక అడ్డేమిటో ప్రభుత్వమే చెప్పాలి.

ఆ 121 హద్దులని తిరిగి చట్టంలోకి తేవాలని నేను కోరుతున్నాను. చేపల పరీక్ష పక్కనే 72 గంటల నాచు పరీక్షనీ చేర్చాలి. దీనికి కావలసింది గాజు ఫ్లాస్కులు, దీపాలు, ఒక సూక్ష్మదర్శిని, లెక్కపెట్టే ఓపిక ఉన్న ఒక మనిషి. మన డిగ్రీ కాలేజీల వృక్షశాస్త్ర విభాగాల్లో ఇవి ఉన్నాయి, ఆ ఓపిక ఉన్న పిల్లలూ ఉన్నారు. పటాన్‌చెరు దగ్గరి వాగుల్లో, జీడిమెట్లలో, పరవాడ ఫార్మా సిటీ చుట్టూ, పైడిభీమవరంలో, ఏడాదికి నాలుగుసార్లు నీళ్ళు తెచ్చి నాచుని అడిగితే అది మూడు రోజుల్లో జవాబు చెబుతుంది. ఆ జవాబుని కాలుష్య నియంత్రణ మండళ్ళు అందరికీ తెలిసేలా బయటపెట్టాలి.

ఇక మన ఇళ్ళ సంగతి. డాక్టరు రాయకుండా యాంటీబయోటిక్ కొనకండి. జలుబుకి అది పనిచేయదు, ఒంట్లోంచి నేరుగా మురుగులోకి పోతుంది. మిగిలిపోయిన యాంటీబయోటిక్ మాత్రలు, సిరప్పులు సింకులో, మరుగుదొడ్లో పోయకండి. కేరళలో ఔషధ నియంత్రణ శాఖ 2025లో కోజికోడ్ నుంచి మొదలుపెట్టి, ఇళ్ళలో మిగిలిన మందులని వెనక్కి తీసుకునే పథకం నడుపుతోంది. అటువంటిది మన రెండు రాష్ట్రాల్లోనూ కావాలని మీ మునిసిపాలిటీని, మీ శాసనసభ్యుణ్ణి అడగండి. మీ ఊరి మందుల షాపు యజమానినీ అడగండి. పది మంది అడిగితే అతను పై వాళ్ళని అడుగుతాడు.